పులిసిన పిండి, ఒక దిబ్బరొట్టె

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఫ్రిజ్‌లో 4 రోజుల నాటి ఇడ్లీ పిండి, అదీ మూడు గరిటెలే. పులిసి నీళ్ళోడుతోంది. అట్టు పోస్తే పెనానికి అంటుకుని ముక్కలైంది.

మిగిలిన పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వ, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి 10 నిమిషాలు వదిలేశాను. రవ్వ నీళ్ళు పీల్చుకుని పిండి గట్టిపడింది, పులుపూ కాస్త తగ్గింది. తర్వాత ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు. మందపాటి మూకుడులో నూనె ధారాళంగా వేసి, పిండంతా ఒకేసారి పోసి మూత పెట్టాను. సన్నసెగ మీద 12 నిమిషాలు. మధ్యలో మూత తీయకూడదు (నేను రెండుసార్లు తీశాననుకోండి). అంచులు ఎర్రబడి వదిలాక తిరగేశాను.

మధ్యాహ్నం మిగిలిన టమాటా పప్పు వేడిచేసి నంజుకున్నాం. కరకరలాడే అడుగు ముక్క కోసం పిల్లలిద్దరూ కొట్టుకున్నారు.