సముద్రపు జెల్ల కొనడం, ముళ్లు తీయడం, వండడం

మా నరసాపురం బజారులో జెల్ల అని అడిగితే ఏటి జెల్లా చూపిస్తారు, సముద్రపు జెల్లా చూపిస్తారు. మీసాలు లెక్కపెట్టండి. ఏటి జెల్లకు ఎనిమిది ఉంటాయి. సముద్రపు జెల్లల్లో చాలావాటికి ఆరే, ముక్కు దగ్గరి జత ఉండదు. తల తడిమితే చర్మం కింద ఎముక డిప్ప గట్టిగా తగులుతుంది. 1822లో చేపల శాస్త్రజ్ఞుడు హామిల్టన్ దొర వర్ణించిన ఏరియస్ ఏరియస్ అనే జాతి ఈ సముద్రపు జెల్లల కుటుంబానిదే. అంతర్వేది మొగలాగా ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట్లు వీటికి ఇష్టం.

కొనేముందు నోరు తెరిపించి చూడండి. లోపల గోలీకాయల్లాంటి గుడ్లుంటే అది మగ చేప. "సొంత గుడ్లు మింగే పాపిష్టిది, ఇంట్లోకి తేవద్దే" అనేవారు మా అత్తగారు. నిజానికి అది మింగడం కాదు, పొదగడం. ఆడది పెట్టిన గుడ్లను మగది నోట్లో పెట్టుకుని, పిల్లలయ్యేదాకా వారాల తరబడి తిండి మానేస్తుంది. పెట్టేవే కొన్ని పదుల గుడ్లు, అందుకే ఒక్క తండ్రి పోయినా నష్టం పెద్దది. వలలో పడగానే చాలావరకు కక్కేస్తుంది కాబట్టి బజారుకొచ్చేసరికి నోరు ఖాళీగానే కనిపించవచ్చు. గవద కింది చర్మం సాగి వదులుగా ఉండి, పొట్ట ఖాళీగా ఉంటే అది గుడ్లు మోసిన మగదే అనుకోవాలి. నేనైతే అలాంటిది కొనను, వేటకెళ్లే మా వాళ్లకూ బతికుంటే వదిలేయమనే చెబుతాను. పొట్టలో పెద్ద పెద్ద గుడ్లుంటే అది ఆడది.

ఇక ముళ్లు. వీపు మీద ఒకటి, పక్క రెక్కలకు చెరొకటి. అవి నిలబడి బిగుసుకుంటే వంగవు, అంచున పళ్లుంటాయి, పైచర్మంలో విషం. చేప చచ్చినా ఆ విషం పోదు. తలను గోనెగుడ్డతో అదిమిపట్టి, కటింగ్ ప్లేయరుతో మూడింటినీ మొదట్లోకి కత్తిరించాకే కత్తిపీట దగ్గర కూర్చోండి. ముళ్లను కాగితంలో చుట్టి పారేయండి.

గుచ్చుకుంటే పసుపు అద్ది ఊరుకోకండి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ విషం వేడికి విరుగుతుంది. నీళ్ల వేడి మాత్రం బాగున్న చేత్తోనే చూడండి, లేకపోతే చర్మం కాలుతుంది. తర్వాత ఆస్పత్రికి వెళ్లి టీటీ చేయించుకోండి. ముల్లు లోపల విరిగిందేమో వాళ్లే చూస్తారు.

పొలుసులుండవు, జిగురే బాధ. కల్లుప్పు, చింతపండు పిప్పితో రుద్ది కడగండి. పులుసు చిక్కగా మరిగాక ముక్కలు వేసి, గరిట పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పండి.