దుమ్ములో ఫైబర్ జాయింట్ కొట్టడం ఎలా

తాడిపత్రిలో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల పక్కన డ్రాప్ కేబుల్ (స్తంభం నుంచి ఇంటికి వచ్చే ఫైబర్ తీగ) తెగిందనుకోండి. గాజు కొసలను కరిగించి అతికే స్ప్లైసింగ్ మిషన్‌ను రోడ్డు మీద తెరవకండి. తెగిన రెండు కొసలనూ బండిలోకి లాక్కుని, అద్దాలు ఎక్కించి పని మొదలుపెట్టండి. ఆషాఢం గాలి ఉంటే మరీను, కొసలను కరిగించే విద్యుత్ మెరుపు, అంటే ఆర్క్, చెదిరిపోతుంది.

ఇంత శుభ్రం దేనికంటే, ఫైబర్ కథంతా మలినంతో పోరాటమే. 1966లో ఇంగ్లండ్‌లోని హార్లోలో పనిచేస్తున్న పరిశోధకులు చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ ఒక లెక్క తేల్చారు. గాజులో వెలుగు పోవడానికి అసలు కారణం అందులో కలిసిన ఇనుము వంటి మలినాలేననీ, నష్టాన్ని కిలోమీటరుకు 20 డీబీకి (డెసిబెల్, వెలుగు తగ్గుదల కొలత) దించితే టెలిఫోన్ లైన్లకు పనికొస్తుందనీ. 20 డీబీ అంటే నూటికి ఒక వంతు వెలుగు మిగలడం. 1970లో అమెరికాలోని కార్నింగ్ గాజు కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ 17 డీబీకి తెచ్చారు. 1979కల్లా జపాన్‌లో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు వెలుగు దగ్గర 0.2 డీబీకి దిగింది. అంటే ఆ నూటికి ఒక వంతు మిగలడానికి ఇప్పుడు వంద కిలోమీటర్లు పోవచ్చు, సుమారుగా కర్నూలు నుంచి గుత్తి దాకా. గాజు బాగుపడింది. ఇక వెలుగు పోయేది మన చేతుల్లోనే: ఒక మురికి కనెక్టర్ 1 డీబీ తిన్నదంటే, 5 కిలోమీటర్ల గాజు తినేంత తిన్నట్టు.

ముందు వెలుగు బలం కొలిచే పవర్ మీటర్‌ను 1490 నానోమీటర్లకు పెట్టి చూడండి. ఇంటి దగ్గర మైనస్ 18 నుంచి మైనస్ 24 డీబీఎం (వెలుగు బలం కొలత) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 కంటే కిందికి పడితే మోడెమ్‌లో ఎర్రలైటు వెలగడం మొదలవుతుంది. తెగిన చోటు ఎక్కడో కనబడకపోతే ఫైబర్‌లోకి ఎర్రటి వెలుగు పంపే ఎర్రలైటు పెన్ను వేసి చూస్తే, విరిగిన చోట కేబుల్ మెరుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మెరుపు కనబడదు, గొడుగో తువ్వాలో అడ్డం పెట్టాలి.

జాయింట్‌ను కప్పే గొట్టం, అంటే స్లీవ్‌ను ముందే ఒక కొసకు ఎక్కించండి. చేయి తిరిగినవాళ్లు కూడా మరిచేది ఇదే. అంతా అతికాక గుర్తొస్తే మళ్లీ కోయడం తప్ప దారి లేదు.

పైతొడుగు తీశాక 250 మైక్రాన్ల పూత ఉంటుంది. దాన్ని స్ట్రిప్పర్‌తో మూడు, నాలుగు సెంటీమీటర్లు ఒకే లాగులో తీయండి. ఆగి ఆగి లాగితే లోపలి 125 మైక్రాన్ల గాజుకు గీత పడి, ఆరునెలలకో ఏడాదికో అక్కడే విరుగుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలుపోగులు వదలని గుడ్డతో తుడవండి. శుభ్రమైతే గుడ్డ కింద గాజు కీచుమంటుంది. ఆ చప్పుడు వినబడేదాకా గాజును తిన్నగా కోసే క్లీవర్ ముట్టుకోవద్దు.

క్లీవ్ చేశాక కొసను తాకకూడదు, మళ్లీ తుడవనూ కూడదు. కోత వాలు 1 డిగ్రీ దాటితే మిషనే ఒప్పుకోదు, ఆ మాట వినండి. కోసిన ముక్కలను మూతున్న సీసాలో వేయండి. నేల మీద పడితే కంటికి ఆనవు, కాల్లో దిగితే దొరకవు.

మిషన్‌లోని వి-ఆకారపు గాడిలో రెండు కొసలూ పెట్టి మూత వేస్తే మిగతాది మిషన్ చూసుకుంటుంది. వెలుగు నడిచే 9 మైక్రాన్ల నడిమి గాజు, అంటే కోర్‌ను కోర్‌కు ఎదురుగా నిలపడం చేతివల్ల అయ్యే పని కాదు. తెరపై 0.05 డీబీలోపు చూపిస్తే బాగున్నట్టు, 0.1 దాటితే కోసి మళ్లీ కొట్టండి. బుడగ కనిపిస్తే కొసలో మురికి గానీ, కోత తప్పుగానీ ఉన్నట్టు. మే నెల ఎండల్లో ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా వస్తుంది కనుక మిషన్‌లోని ఆర్క్ టెస్ట్ (మెరుపు బలాన్ని సరిచూసే పరీక్ష) రెండోసారి వేయడం మంచిది. స్లీవ్‌ను వేడి చేశాక చల్లారేదాకా చేతబట్టి లాగొద్దు.

చివరగా మిగిలిన ఫైబర్ చుట్ట. ట్రేలో వంపు వ్యాసార్ధం 30 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. ఇరుకులో నొక్కి మూత వేస్తే చక్కగా కుదిరిన జాయింట్ కూడా నష్టం చూపిస్తుంది. అనుమానముంటే 1310 నానోమీటర్లలోనూ, 1550లోనూ చూడండి. 1550లో నష్టం బాగా ఎక్కువగా చూపిస్తే తప్పు వంపుదే, జాయింట్ జోలికి పోకుండా చుట్ట వదులు చేయండి. పచ్చ కనెక్టర్‌ను నీలిదానిలో దూర్చే అలవాటు కూడా మానాలి: పచ్చదాని కొస 8 డిగ్రీల వాలుగా ఉంటుంది, నీలిదానికి ఆ వాలు లేదు. లోపలికి పోతుంది గానీ గాజు గాజుకు ఆనదు.