పాత తూటాకు ధర కట్టేముందు అడుగు తిప్పి చూడండి

2003లో కాఠ్మండులోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారం నుంచి వేలకొద్దీ మార్టిని-హెన్రీ, స్నైడర్ అనే పాతకాలపు బ్రిటిష్ నమూనా తుపాకులు అమెరికా చేరాయి. వాటిలో ఒకటి కొని గోడకు తగిలించుకున్న మిత్రులు నన్ను తరచూ అడుగుతారు: "దీని కాలం నాటి అసలు తూటా ఎక్కడ దొరుకుతుంది? ఎంత పెట్టవచ్చు?"

పాతదైనంత మాత్రాన విలువ రాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి .303 (బ్రిటిష్ రైఫిల్) తూటాలు లెక్కలేనన్ని మిగిలాయి, చవగ్గానే దొరుకుతాయి. ధర నిర్ణయించేది తూటా అడుగున కొట్టిన ముద్ర, దాన్ని అమ్మిన పెట్టె, ఆ రెండింటి స్థితి.

అడుగు ముద్ర చదవడం నేర్చుకోండి. పుణె దగ్గరి కిర్కీ కర్మాగారం తూటాల మీద కె, ఎఫ్ అక్షరాలు ఉంటాయి. ఏడో మార్కు (అంటే ఏడో నమూనా) .303 తూటా 1910లో వచ్చింది, దాని మొన తేలిన గుండు బరువు 174 గ్రెయిన్లు. అంతకుముందు ఆరో మార్కుది 215 గ్రెయిన్ల మొద్దుముక్కు గుండు. కాబట్టి "1900 నాటిది" అని చెబుతూ మొన తేలిన తూటా చూపిస్తే అక్కడే ఆగిపోండి. ప్రైమర్ (తూటా అడుగు మధ్యలో నిప్పు పుట్టించే చిన్న మూత) చుట్టూ ఉన్న రంగు వలయం కూడా చూడాలి. బ్రిటిష్ పద్ధతిలో ఊదా రంగు మామూలు గుండుకు, ఎరుపు ట్రేసర్‌కు (వెలుగు చార వదులుతూ పోయే గుండుకు), ఆకుపచ్చ కవచభేదికి గుర్తు. అమెరికా సైన్యపు పాత .45-70 తూటాలకైతే ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధాగారం 1877 నుంచి ముద్ర వేసింది. "ఆర్ ఎఫ్ 5 81" అంటే రైఫిల్ తూటా, ఫ్రాంక్‌ఫర్డ్ తయారీ, 1881 మే. ఆర్ బదులు సి ఉంటే కార్బైన్ అనే పొట్టి తుపాకీది.

పెట్టె విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అరుదైన లేబుల్ ఉన్న ఖాళీ పెట్టెకే ఒక్కోసారి లోపలి తూటాల కన్నా ఎక్కువ పలుకుతుంది. అందుకే నకిలీలూ అక్కడే ఎక్కువ. అతినీలలోహిత దీపం ఒకటి కొనుక్కోండి. దాని కింద కాగితం నీలి తెలుపుగా మెరిస్తే అది రెండో యుద్ధం తర్వాతి కాగితం కావచ్చు. చిరునామాలో జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతిది. "క్లీన్‌బోర్" అనే రకం పేరు ఉన్న రెమింగ్టన్ కంపెనీ పెట్టె 1926కు ముందుది కాదు. పెట్టెలోని ప్రతి తూటా ముద్రనూ చూడండి, వేర్వేరు తయారీలవి కలిపి నింపిన పెట్టెలు చాలా తిరుగుతున్నాయి.

ఇక ధర. అమ్మేవాళ్లు అడిగే మొత్తాన్ని లెక్కలోకి తీసుకోకండి. వేలంలో నిజంగా అమ్ముడైనవాటి ధరలు రాసుకుని, అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మిగతావి పోల్చండి. లేబుల్ చిరిగినా, తూటా ఇత్తడి గొట్టం పగిలినా, ఎవరో ఇత్తడిని తళతళలాడేలా తోమినా బాగా తగ్గించాలి. తోమిన తూటా మీద పాతదనపు పొర మళ్లీ రాదు. మార్టిని-హెన్రీ తొలి తూటాలను పలుచని ఇత్తడి రేకు చుట్టి చేసేవారు, ఆ రేకు చెక్కుచెదరకుండా ఉంటే కొంచెం ఎక్కువ ఇచ్చినా తప్పులేదు.

వెతకడానికి సెయింట్ లూయిస్‌లో జరిగే అంతర్జాతీయ తూటాల ప్రదర్శనను మించిన చోటు నాకు తెలియదు. అమ్మేవారి ముందే తూటాను చేతిలోకి తీసుకుని తూచవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు. దూరం నుంచి కొంటే అడుగు ముద్ర, ప్రైమర్, పెట్టె ఆరు వైపులా ఫోటోలు అడగండి. పంపలేమంటే వదిలేయండి. అమెరికా తపాలాలో తూటాలు పంపడం నిషిద్ధం, అలా పంపుతానన్న వారి దగ్గర కొనవద్దు.

మన తెలుగువారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీనే కాదు ఒక్క తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. గ్రీన్ కార్డు వచ్చేదాకా పుస్తకాలు, ఫోటోలు సేకరించండి. కార్డు ఉన్నా సరే, ఇండియా ప్రయాణానికి ముందు సంచి అరలన్నీ వెతకండి. అక్కడ లైసెన్సు లేకుండా తూటా ఉండటం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, మరిచిపోయిన ఒక్కదానితో విమానాశ్రయంలో కేసు పాలైనవారున్నారు.

కొన్న పాత తూటాను మాత్రం పేల్చకండి. కాల్చాలని ఉంటే ఇప్పుడు తయారయ్యే కొత్త తూటాలు కొనండి, అదీ తుపాకీని నిపుణుడికి చూపించిన తర్వాతే.