విదేశాల్లో తిండి, నీళ్లతో కడుపు పాడవకుండా చూసుకోవడం ఎలా?

బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తిని, పూర్ణా మార్కెట్ దగ్గర చెరుకు రసం తాగి పెరిగిన కడుపు మనది, ఎక్కడికెళ్తే ఏమవుతుందిలే అని వైజాగ్‌లో చాలామంది అనుకుంటారు. మా అమ్మ కూడా అలాగే అనుకుంది. ఇండోనేషియాలోని బాలి వెళ్లిన నాలుగో రోజు సాయంత్రం సముద్రం ఒడ్డున ఒక కొట్లో ఐసు వేసిన బొప్పాయి జ్యూస్ తాగింది. అర్ధరాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. తెల్లారేసరికి లేచి నిలబడలేకపోయింది. 66 ఏళ్ల మనిషి భాష తెలియని ఊరి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటుంటే పక్కన కూర్చున్న ఆ రోజు తర్వాత, మా వాళ్లలో ఎవరు విదేశం బయల్దేరినా ఈ విషయాలన్నీ చెప్పకుండా పంపడం లేదు.

రాళ్లు తిన్నా అరిగించుకునే కడుపే కావచ్చు, కానీ అది అలవాటు పడింది మన ఊరి సూక్ష్మజీవులకి. ప్రయాణాల్లో వచ్చే విరేచనాలకి ఎక్కువగా కారణమయ్యేది ఈ.కోలై బ్యాక్టీరియాలో ఒక రకం. అందులోనూ బోలెడు తేడాలుంటాయి, ఇక్కడ ఒకదాన్ని తట్టుకున్నంత మాత్రాన అక్కడిది మనల్ని వదిలిపెట్టదు. వయసులో ఉన్నవాళ్లకి మూడు నుంచి అయిదు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది, పెద్దవాళ్లకి, పసిపిల్లలకి మాత్రం ఆ మూడు రోజులే ప్రమాదం.

మొదటి పని: టికెట్లు బుక్ చేసిన వారంలోనే డాక్టర్‌ని కలవండి

బయల్దేరే ముందు రోజు వెళ్తే లాభం లేదు. తిండి, నీళ్ల ద్వారా వచ్చే జబ్బుల్లో హెపటైటిస్ ఎ (ఒక రకం కామెర్లు), టైఫాయిడ్ రెండింటికీ టీకాలున్నాయి. టైఫాయిడ్ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి, కాబట్టి నెల ముందే అడిగి పెట్టుకోండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఒకటి హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారు చేస్తోంది, దొరకడం పెద్ద కష్టం కాదు.

అదే రోజు డాక్టర్‌కి చెప్పాల్సిన ఇంకో సంగతి ఉంది, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. రోజూ పొద్దున్నే పాంటాప్రజోల్ లాంటి అసిడిటీ మాత్ర వేసుకునేవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. కడుపులో ఉండే ఆమ్లమే లోపలికొచ్చిన క్రిముల్లో చాలావాటిని చంపుతుంది, ఆ ఆమ్లాన్ని మాత్ర తగ్గిస్తే కాపలా తగ్గినట్టే. మా అమ్మ ఏళ్ల తరబడి ఆ మాత్ర మీదే ఉంది. అలాగని మీకు మీరే ఆపేయకండి, ప్రయాణంలో అవసరమా కాదా అని డాక్టర్‌నే అడగండి. బీపీకి, షుగర్‌కి మందులు వాడేవాళ్లు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్ర కొనసాగించాలి, ఏది ఆపాలి అన్నది కూడా ముందే కాగితం మీద రాయించుకోండి.

రెండో పని: సంచిలో ఇవి ఉండాలి

ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి కనీసం నాలుగు. థర్మామీటర్. చిన్న సబ్బు. డాక్టర్ రాసిచ్చిన మందులు, వాటి చీటీతో సహా. ఒక చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, ఎందుకంటే హోటల్ రూములో ఉన్నదాన్ని మనకన్నా ముందు ఎవరు ఎలా వాడారో తెలియదు. థాయ్‌లాండ్, వియత్నాం, ఇండోనేషియాల్లో కరెంటు దాదాపు మనలాగే ఉంటుంది కాబట్టి మన కెటిల్ పనిచేస్తుంది, ప్లగ్గు అడాప్టర్ ఉంటే చాలు. జపాన్‌లో 100 వోల్టులే, అక్కడ మనది సరిగ్గా కాగదు.

ఇంటి నుంచి తిండి తీసుకెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి. సింగపూర్‌లో, దుబాయ్‌లో గసగసాలు నిషేధం, డ్రగ్స్ కిందే లెక్క కడతారు. వైజాగ్ నుంచి సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు చాలామంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్తుంటే పచ్చడి సీసా దగ్గర్నుంచి ప్రతి తినే వస్తువునీ ఫారంలో రాసి చూపించాలి. న్యూజిలాండ్‌లో చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా.

మూడో పని: నీళ్ల సంగతి ముందుగా తేల్చుకోండి

సింగపూర్, జపాన్‌లలో కొళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. బాలి, వియత్నాం, కంబోడియా, నేపాల్‌లలో తాగకూడదు, థాయ్‌లాండ్‌లో కూడా అక్కడివాళ్లే కొనుక్కుని తాగుతారు. తాగకూడని చోట పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే వాడండి. బ్రష్ కడిగేది కొళాయి కిందే కదా, అక్కడే చాలామంది జారిపోతారు. బాత్‌రూమ్ కొళాయికి ఒక రుమాలు కట్టి పెట్టండి, నిద్రమత్తులో చెయ్యి అటు వెళ్లినా గుర్తొస్తుంది. పిల్లలకి షవర్ కింద నోరు మూసుకోమని చెప్పండి.

సీసా కొన్నప్పుడు మూత తిప్పితే సీలు తెగే చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే తాగొద్దు, మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి. అనుమానం ఉన్న చోట గ్యాస్ ఉన్న సోడా నయం, మూత తీయగానే బుస్సుమంటే సీలు బాగున్నట్టే, అందులో కొళాయి నీళ్లు నింపి మళ్లీ అమ్మడం కష్టం.

రూములో నీళ్లు కాచుకుంటే తెర్లుతున్న నీళ్లు ఒక నిమిషం అలాగే మరగాలి. కెటిల్ దానంతట అదే ఆగిపోయేదైతే మూత తీయకుండా చల్లారనివ్వండి, చల్లార్చడానికి ఐసు వేయకండి. నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకి వెళ్లేవాళ్లు మాత్రం మూడు నిమిషాలు మరిగించాలి. ఆ గుడి 3,700 మీటర్ల పైన ఉంది, అంత ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలు కూడా అందకుండానే మరుగుతాయి. 2,000 మీటర్లు దాటిన ఏ ఊళ్లో అయినా ఇదే లెక్క. కాచే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్లలు వాడొచ్చు, ప్యాకెట్ మీద ఉన్న కొలత ప్రకారం వేసి కనీసం అరగంట ఆగాలి, నీళ్లు మాత్రం తేటగా ఉండాలి, మట్టి రంగులో ఉన్న నీళ్లలో బిళ్ల సరిగ్గా పనిచేయదు.

ఇక ఐసు. గడ్డ కట్టినంత మాత్రాన క్రిములు చావవు. కరిగాక మళ్లీ అవే నీళ్లు, అవే క్రిములు. థాయ్‌లాండ్‌లో మధ్యలో బొక్క ఉన్న గొట్టం లాంటి ముక్కలు ఎక్కువగా ఫ్యాక్టరీల నుంచి వస్తాయి, దిమ్మ పగలగొట్టి వేసే ఐసు కన్నా అవి నయం, కానీ ఆ ముక్కని ఏ చేత్తో తీశారో మనకి తెలియదు కదా. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే అసలు వద్దనేయండి. ఐసు వద్దు అనడం నేర్చుకోండి, థాయ్‌లో ‘మై సై నామ్ ఖేంగ్’, ఇండోనేషియాలో ‘తన్పా ఎస్’, వియత్నాంలో ‘ఖోంగ్ డా’. నేనైతే ఈ ముక్కలు అక్కడి అక్షరాల్లోనే ఫోన్‌లో పెద్దగా రాసి పెట్టుకుని చూపిస్తాను, మన యాసలో చెబితే వాళ్లకి ఒక్కోసారి అర్థం కాదు. బాలి వెళ్లేముందే ఆ రెండు మాటలు నేర్చుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాలుగో పని: ప్లేటు ముందుకొచ్చాక మూడు ప్రశ్నలు

పొగలు వస్తున్నాయా? సీలు నేనే తీశానా? తొక్క నేనే ఒలిచానా? మూడింట్లో ఒక్కదానికైనా అవును అని వస్తేనే నోట్లో పెట్టుకోండి.

రోడ్డు పక్క బండి అనగానే భయపడి, పెద్ద హోటల్ బఫే అనగానే ధైర్యపడిపోవడం తప్పని నా అభిప్రాయం. మీ కళ్ల ముందే మూకుడులో వేయించి సెగలు కక్కుతుండగా పెట్టిన నూడుల్స్ కన్నా, చల్లటి హాల్లో గంటల తరబడి తెరిచి ఉంచిన కూర, కోసి పెట్టిన పళ్లు, మయోనైజ్ కలిపిన సలాడ్ ఎక్కువ ప్రమాదం. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు గబగబా పెరుగుతాయి. వండినది రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, వైజాగ్ మే నెల లాంటి ఎండ ఉన్న చోట గంటే. బఫేకి తెరిచిన మొదటి పావుగంటలో వెళ్లి, పెనం మీద అప్పటికప్పుడు వేసే ఆమ్లెట్టో దోసెలాంటిదో అడగండి. బండి దగ్గరైతే అక్కడి జనం వరుసలో నిలబడి తింటున్న దాన్ని వెతుక్కోండి, అక్కడ సరుకు నిలవ ఉండే అవకాశం తక్కువ. కూర వేడిగా ఉన్నా పక్కన పెట్టే పచ్చి ఆకులు, నీళ్లు కలిపిన చట్నీ ముట్టుకోకండి. పళ్లంటే అరటి, కమలా, రంబుటాన్, మంగోస్టీన్ లాంటివి కొని మీరే ఒలుచుకోండి, కోసి కవర్లో పెట్టినవి వద్దు.

అన్నం విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మధ్యాహ్నం పార్సిల్ తెచ్చిన అన్నం మిగిలితే రూములో పెట్టి, పొద్దున్న దాంట్లో పులిహోర పొడి కలిపేస్తారు. చద్దన్నం తిని పెరిగాం కదా అనిపిస్తుంది. కానీ వండిన అన్నంలో బతికిపోయే బ్యాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గది వేడిలో విషం తయారు చేస్తుంది, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్ లేని రూములో మిగిలిన అన్నం పారేయండి. చదువుకోడానికి ఫిలిప్పీన్స్, జార్జియా వెళ్లే పిల్లలకి ఇది మరీ మరీ చెప్పండి, ఆదివారం వండి బుధవారం దాకా తినేది వాళ్లే.

చేపల దగ్గర మనం ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మనకి చేపంటే ప్రాణం. ఇక్కడ ఫిషింగ్ హార్బర్‌లో మొప్పలెత్తి ఎర్రగా ఉందో లేదో చూసి కొంటాం, అక్కడ ముక్కలే ప్లేట్లోకి వస్తాయి. ట్యూనా, కానాగంతల్లాంటి చేపలు పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం చేరుతుంది, తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. ఎంత వేయించినా అది పోదు. నాలుక మీద మిరియం కొరికినట్టు మంట అనిపిస్తే ఆ ముక్క ఉమ్మేయండి. పగడపు దిబ్బల దగ్గర తిరిగే బారకుడా లాంటి పెద్ద చేపల్లో ఇంకో రకం విషం, సిగ్వాటెరా, ఉండొచ్చు, దానికి రుచి, వాసన కూడా ఉండవు. దీవులకి వెళ్లినప్పుడు అలాంటి పెద్ద చేపలు మానేయండి. పచ్చి ఆల్చిప్పలు ఎవరు ఎంత చెప్పినా వద్దు.

మందు తాగే అలవాటున్నవాళ్లకి ఒక్క మాట, ఊరికే ఇచ్చే షాట్లు, సీలు లేని సీసాల్లో పోసే సారా ముట్టకండి. 2024 నవంబర్‌లో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషం కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు.

చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. శానిటైజర్ సబ్బు లేనప్పటికే, వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు.

అయిదో పని: అయినా కడుపు పాడైతే

టెన్షన్ పడకండి, ముందు ఒంట్లోంచి నీళ్లు పోతున్నాయని గుర్తుపెట్టుకోండి. ప్రాణం మీదికి తెచ్చేది అదే. ఓఆర్ఎస్ ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో పెద్ద ప్యాకెట్ మొత్తం కలపాలి, సగం సగం కలపకూడదు. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, చదివి కలపండి. కలిపినది 24 గంటల తర్వాత పారేయాలి. పెద్దవాళ్లు విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు, రెండేళ్లలోపు పిల్లలు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్లవాళ్లు 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో కొంచెం కొంచెం పట్టండి.

ఓఆర్ఎస్‌లో ఉండే గ్లూకోజు, ఉప్పు పేగుల్లో కలిసి లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి, విరేచనాలు అవుతున్నా ఆ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరంలో, సెలైన్ సీసాలు అయిపోతున్న వేళ డాక్టర్ దిలీప్ మహలనబిస్ దీన్ని తాగించి కలరా రోగులని బతికించారు. అందుకే కొలత ముఖ్యం. ఆ రాత్రి నేను చేసిన తప్పు కూడా ఇక్కడే, ఓఆర్ఎస్ అనుకుని తీపి టెట్రా ప్యాక్ డ్రింకులు పట్టుకెళ్లాను, చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ప్యాకెట్ మీద ఉందో లేదో చూసి కొనండి. అదీ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, గోపురంలా కాకుండా చదునుగా కొలిచి.

విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర పెద్దవాళ్లకి బస్సు ప్రయాణం గట్టెక్కించడానికి పనికొస్తుంది, కానీ రక్తం పడుతున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా వేసుకోకూడదు, చిన్నపిల్లలకి ఇవ్వకూడదు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకునే మన అలవాటు అక్కడ చేయకండి. ఆగ్నేయాసియాలో సిప్రోఫ్లాక్ససిన్‌కి లొంగని క్రిములు చాలా ఉన్నాయి, ఏది వాడాలో డాక్టరే చెప్పాలి.

విరేచనంలో రక్తం, 102 డిగ్రీల జ్వరం, తాగినదంతా కక్కేయడం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, మనిషి మగతగా ఉండడం, పిల్లలు ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. గర్భిణులకి, 60 దాటినవాళ్లకి ఇంకా ముందే వెళ్లాలి. అంబులెన్స్ నంబరు థాయ్‌లాండ్‌లో 1669, సింగపూర్‌లో 995, వియత్నాంలో 115, మలేషియాలో 999. ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్ నంబరు, పాలసీ నంబరు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి అమ్మానాన్నల పర్సుల్లో పెట్టండి.

ఆరో పని: ఇంటికి వచ్చాక

ఎయిర్‌పోర్టు నుంచి ఇల్లు చేరాక సంగతి అయిపోలేదు. టైఫాయిడ్ బయటపడటానికి ఒక్కోసారి నెల దాకా పడుతుంది, హెపటైటిస్ ఎ కి 15 నుంచి 50 రోజులు. తిరిగొచ్చిన రెండు నెలల్లోపు తగ్గని జ్వరం, కళ్లు పచ్చబడటం, రెండు వారాలు దాటిన విరేచనాలు ఉంటే కేజీహెచ్‌కి వెళ్లినా, వీధి చివర క్లినిక్‌కి వెళ్లినా, డాక్టర్ అడిగేదాకా ఆగకుండా ఏ దేశం వెళ్లారో, ఏ తేదీన వచ్చారో, అక్కడ ఏం తిన్నారో మీరే ముందు చెప్పండి.