బీచ్‌కి పోయే ముందు జాగ్రత్తలు: వట్టి చేతులతో నీళ్లలోకి దూకకండి

పరీక్షలు అయిపోయాయి. నల్లగొండ, మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ వైపు నుంచి సూర్యలంకకో, చీరాల దగ్గరి వాడరేవుకో బండ్లు బయల్దేరే రోజులు వచ్చాయి. మొన్న పేపర్లో మళ్లీ అదే వార్త: అల ఒకడిని లోపలికి లాగింది, పట్టుకోబోయిన ఇద్దరు కూడా పోయారు. ఏటా చదువుతూనే ఉన్నాం. చాలాసార్లు ఆ రెండోవాడు అన్నో, బావమరిదో, పక్కింటి దోస్తో అయి ఉంటాడు.

టోపీ పెట్టుకోండి, మంచినీళ్లు తాగండి అని నేను రాయను. అవి అందరికీ తెలుసు. ఈ ఒక్క మాట కోసమే రాస్తున్నాను: మనిషి మునుగుతుంటే వట్టి చేతులతో నీళ్లలోకి పోవద్దు.

ఈత వచ్చినవాళ్లే ఎందుకు పోతున్నారు

సాగర్ ఎడమ కాల్వ కింది ఊళ్లలో పోరగాళ్లకు ఈత బాగా వచ్చు. వాళ్ల గురించే నాకు ఎక్కువ భయం. బాయిలో నీళ్లు కదలవు, నాలుగు బారలు వేస్తే గోడ చేతికి అందుతుంది. కాల్వలో నీళ్లు గట్టు వెంబడే పోతాయి, వాలుకు పోతూ పోతూ ఎక్కడో ఒకచోట గట్టు పట్టుకోవచ్చు. సముద్రం గట్టు నుంచి దూరంగా లాగుతుంది. ఈత వచ్చినవాడు మొండిగా గట్టు వైపే ఈదుతాడు, రెండు మూడు నిమిషాల్లో చేతులు పడిపోతాయి.

దీన్ని రిప్ కరెంట్ అంటారు. తీరానికి కొంచెం లోపల నీళ్ల కింద ఇసుక మేటలు ఉంటాయి. అలలు వాటి మీదుగా నీళ్లు తెచ్చి పోస్తాయి. ఆ నీళ్లన్నీ వెనక్కి పోవాలి కదా! మడి ఒడ్డుకు గండి పడితే మడిలో నీళ్లన్నీ అక్కడి నుంచే పరుగెత్తినట్టు, మేటల మధ్య సందు దొరికినచోట ఒక్కసారిగా బయటికి తోసుకుపోతాయి. బలంగా ఉన్నప్పుడు ఆ వేగం సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్స్‌లో ఈదేవాళ్లు కూడా దానికి ఎదురు పోలేరు.

ఇందులో మోసం ఏమిటంటే, ఆ సందు దగ్గర అలలు విరగవు. రెండు పక్కలా తెల్లగా నురగ లేస్తుంటే మధ్యలో నీళ్లు నల్లగా, నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. ‘ఇక్కడ అలలు లేవు, పిల్లల్ని ఇక్కడే దింపుదాం’ అని సరిగ్గా అక్కడికే తీసుకుపోతాం. అందుకే దిగే ముందు కొంచెం ఎత్తయిన ఇసుక మీద పది నిమిషాలు నిలబడి చూడండి. బురద రంగు నీళ్లు, నురగ, చెత్త ఒక బాటలాగా లోపలికి పోతుంటే ఆ చోటు వదిలేయండి. తర్వాత అక్కడి జాలరి ఒకరిని అడగండి. ‘ఎక్కడ దిగొచ్చు?’ అని అడగొద్దు, ‘ఎక్కడ దిగకూడదు?’ అని అడగండి. వేలు పెట్టి చూపిస్తారు.

మిమ్మల్నే లాగితే గట్టు వైపు కొట్లాడకండి. ఆ ప్రవాహం మనిషిని కిందికి గుంజదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. అలలు విరిగే చోటు దాటాక దాని జోరు తగ్గుతుంది. వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తి ఊపండి. ఓపిక ఉంటే గట్టుకు సమాంతరంగా కొంత దూరం ఈది, అలలు విరుగుతున్న చోటు నుంచి వాటితోపాటే బయటికి రండి.

మునిగేవాళ్లను చూసినప్పుడు

మునిగే మనిషి కేకలు వేస్తాడనుకుంటాం. ఊపిరికే చాలనప్పుడు అరుపు ఎక్కడి నుంచి వస్తుంది? తల వెనక్కి వాలుతుంది, నోరు నీళ్ల అంచున మునిగి తేలుతుంటుంది, చేతులు రెండు పక్కలా నీళ్లను కిందికి నొక్కుతుంటాయి. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అప్పటికి ఒక నిమిషం కూడా మిగిలి ఉండదు.

ఆ టెన్షన్‌లో మనసు దూకమనే చెబుతుంది. దూకొద్దు. మునిగేవాడి చేతికి ఏది అందితే దాన్ని ఎక్కి పైకి రావాలని చూస్తాడు. అందేది మీ మెడ. అది మీ తమ్ముడైనా అంతే. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని గొలుసులాగా లోపలికి పోవడం కూడా వద్దు, ఒక్క పెద్ద అలకు గొలుసు మొత్తం పోతుంది.

మరి ఏం చేయాలి? మన ఊళ్లలో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు డబ్బా కడతాం. అదే డబ్బా బండిలో వేసుకోండి. ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా, మూత బిగించింది. దాని పిడికి వంద అడుగుల నైలాన్ తాడు కట్టండి. ముడి వేశాక కాలు పెట్టి గట్టిగా గుంజి చూడండి, నైలాన్ ముడి జారుతుంది. బీచ్‌లో దాన్ని మీ చెప్పుల పక్కనే పెట్టుకోండి, డిక్కీలో ఉంచితే లేనట్టే. విసిరేటప్పుడు మనిషి మీదికి కాకుండా అతన్ని దాటేలా విసిరి, తాడు అతని భుజం దగ్గరికి వచ్చేలా గుంజండి. తాడు అందనంత దూరం పోతే డబ్బానే విసిరేయండి. నీళ్లలో మనిషి బరువు చాలా తక్కువ, ఆ డబ్బా అతని తల పైన ఉంచుతుంది. ఈలోగా ఒకరు జాలర్లను, బీచ్ పోలీసులను పిలవాలి, ఒకరు 112కి ఫోన్ చేయాలి, ఒకరు మునిగే మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ నిలబడాలి.

బయటికి తీశాక తలకిందులుగా పట్టుకొని తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు, వీపు మీద తొక్కొద్దు. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి ముందు నోట్లోకి రెండుసార్లు ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో రెండంగుళాల లోతున 30 సార్లు గబగబా నొక్కండి. మళ్లీ రెండు ఊదులు. 108 వచ్చేదాకా ఆపొద్దు. లేచి మాట్లాడినా ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే, ఊపిరితిత్తుల్లో చేరిన నీళ్లు గంటల తర్వాత కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

ఆకాశాన్ని చూసి సముద్రాన్ని నమ్మకండి

2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు వైద్య విద్యార్థులు సముద్రంలో పోయారు. అప్పుడు ఉప్పెన అలల హెచ్చరిక అమల్లో ఉంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన అలలు వేల కిలోమీటర్లు వచ్చి తీరాన్ని కొడతాయి, ఇక్కడ గాలీ ఉండదు, మబ్బూ ఉండదు. ఇవి ఎక్కువగా కేరళ, తమిళనాడు తీరాలకు వస్తాయి, అదీ ఎక్కువగా వానాకాలానికి ముందు నెలల్లో. ఈ హెచ్చరికలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ (INCOIS) మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ చూడండి. నిజాంపట్నం హార్బర్‌లో ప్రమాద సూచిక ఎగరేశారని వింటే ప్రయాణం మానుకోండి, రూమ్ డబ్బులు పోతే పోయాయి.

ఇంకా:

పాలమూరు, గద్వాల వైపు నుంచి గోవా పోయేవాళ్లు లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు-పసుపు జెండాల మధ్యనే దిగండి. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అసలే దిగొద్దు.

అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద రాత్రంతా బండి నడిపినవాడు తెల్లారి నీళ్లలోకి దిగొద్దు. ముందు నిద్రపోవాలి.

తాగినవాడు దిగొద్దు. వాడిని ఆపడానికి ఇంకొకడు కూడా దిగొద్దు.

చీర, పంజాబీ డ్రెస్సు తడిస్తే కాళ్లకు చుట్టుకుంటాయి. చీలమండ దాటి పోవద్దు.

సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగొద్దు.

పిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. ‘వాళ్ల మామ చూస్తున్నాడులే’ అని ఇద్దరూ అనుకుంటే ఎవరూ చూడనట్టే.

గాలి ట్యూబుల మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. గట్టు నుంచి గాలి వీస్తే లోపలికి కొట్టుకుపోతాయి.

లైఫ్ జాకెట్ అన్ని బకిల్స్ పెట్టకుండా బోటు ఎక్కొద్దు. ఉక్కపోసినా విప్పొద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటులో మన తెలంగాణ వాళ్లూ ఉన్నారు.

చెప్పు కొట్టుకుపోతే పోనివ్వండి. బంతి పోతే పోనివ్వండి. ఫోన్ పోయినా పోనివ్వండి.

మనిషి పోతుంటే డబ్బా విసరండి. దూకొద్దు.

చీకటి పడ్డాక నీళ్లు తాకొద్దు. బండి ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టడం చాలదు, పేరు పేరునా పిలిచి, అందరూ పలికాకే డ్రైవర్‌కు పోదామని చెప్పండి.