ఇంజెక్టర్ కొనే ముందు వైరు చూడండి

ఇంజిన్ ఐడిల్‌లో వణుకుతోంది, పికప్ లేదు, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0202 అనే లోపం కోడ్ వచ్చింది. చాలామంది వెంటనే రెండో సిలిండర్‌కు పెట్రోల్ చల్లే ఇంజెక్టర్ కొనేస్తారు. తొందరపడకండి. రెండో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తేడా ఉందనే ఆ కోడ్ చెబుతుంది. తప్పు ఇంజెక్టర్ కాయిల్‌దా, కనెక్టర్‌దా, వైరుదా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఇదంతా పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ బయటే, గాలి వెళ్లే దారిలో పెట్రోల్ చల్లే) పెట్రోల్ ఇంజిన్లకే. డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్‌లోకే చల్లే), కామన్ రైల్ డీజిల్ ఇంజెక్టర్లకు చాలా ఎక్కువ వోల్టేజ్ వెళ్తుంది. ఇంజిన్ నడుస్తుండగా వాటి వైర్ల జోలికి అసలు వెళ్లొద్దు.

ఒక్క సిలిండరే మిస్ అవుతుంటే

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజెక్టర్‌కు ఆనించి, పిడికి చెవి పెట్టి వినండి. ఫ్యాను, బెల్టులు జాగ్రత్త. టిక్ టిక్ వినపడకపోతే ఇంజిన్ ఆపి, కనెక్టర్ తీసి, ఇంజెక్టర్ పిన్నుల మధ్య ఓమ్స్ (రెసిస్టెన్స్) మల్టీమీటర్‌తో కొలవండి. హై ఇంపీడెన్స్ (ఎక్కువ రెసిస్టెన్స్ ఉండే) రకానికి సుమారు 12 నుంచి 16 ఓమ్‌లు ఉంటుంది. మిగతా ఇంజెక్టర్లతోనూ పోల్చండి. మీటర్ ఓపెన్ (సర్క్యూట్ తెగినట్టు) చూపిస్తే కాయిల్ తెగింది, అప్పుడు మార్చాల్సిందే. కొన్ని కాయిల్స్ వేడెక్కాకే తెగుతాయి. మిస్సింగ్ కూడా అప్పుడే మొదలవుతుంటే వేడి మీదే కొలవండి.

ఓమ్స్ బాగుంటే కనెక్టర్‌కు నాయిడ్ లైట్ (ఇంజెక్టర్‌కు సిగ్నల్ వస్తోందో చూపే చిన్న టెస్ట్ బల్బు) పెట్టి ఇంజిన్ తిప్పండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఒక వైరులో 12 వోల్టులు ఉంటాయి, రెండో వైరును ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) గ్రౌండ్ చేసి వదులుతుంటుంది. లైటు మినుకుతోందంటే ఆ పని జరుగుతోందన్నమాట. అయినా ఇంజెక్టర్ కొట్టుకోకపోతే అది లోపల బిగుసుకుని ఉండొచ్చు.

అసలు వెలగకపోతే సప్లై చూసి, తర్వాత ఈసీయూ దాకా వైరు కంటిన్యుటీ (ఎక్కడా తెగకుండా ఉందా అని) చూడండి. ఆపకుండా వెలుగుతుంటే ఈసీయూకు వెళ్లే ఆ వైరు ఎక్కడో బాడీకి తగులుతుండొచ్చు, లేదా ఈసీయూలోనే షార్ట్ ఉండొచ్చు. ఇదే అన్నిటికన్నా ప్రమాదం: ఇంజెక్టర్ తెరుచుకునే ఉండి పెట్రోల్ కారుతుంది, ఆయిల్‌లో కలుస్తుంది, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. సరిచేసేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు.

వచ్చిపోయే మిస్సింగ్‌కు మాత్రం నేను ముందు కనెక్టర్నే అనుమానిస్తాను. ఐడిల్‌లో వైరు కట్టను మెల్లగా కదపండి. ఇంజిన్ శబ్దం మారిందా, దొరికినట్టే. పిన్నులకు పచ్చటి తుప్పు ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, వదులైన టెర్మినల్‌ను మాత్రం మార్చాలి. లావుపాటి మీటర్ ప్రోబ్‌ను కనెక్టర్‌లోకి దయచేసి గుచ్చకండి, టెర్మినళ్లు వదులయ్యేది దానివల్లే.

ఏ ఇంజెక్టరూ కొట్టుకోకపోతే

ముందు ఫ్యూజు, రిలే చూడండి. స్పార్క్ కూడా లేకపోతే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకు చెప్పేది), ఈసీయూ సప్లై చూడండి. ఈసీయూ పోయిందనే మాట ఇవన్నీ, ఈసీయూ గ్రౌండ్‌తో సహా, తేలాకే అనాలి.