క్వారంటైన్ తొట్టిలో వేసిన చేపపిల్లలు నాలుగో రోజుకే చచ్చిపోతుంటే

సమస్య: గప్పీ, మోలీ లాంటి అక్వేరియం చేపల పిల్లల్ని క్వారంటైన్ తొట్టిలోకి, అంటే కొత్త చేపల్ని, జబ్బు చేపల్ని విడిగా ఉంచే తొట్టిలోకి మార్చారు. రెండు మూడు రోజులు చలాకీగానే తిరిగాయి. తర్వాత మేత ముట్టడం మానేసి పైకి చేరి ఆయాసపడుతున్నాయి, మొప్పలు గబగబా ఆడుతున్నాయి. పొద్దున చూస్తే ఐదారు అడుగున పడి ఉన్నాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

దాదాపు అందరూ ఇక్కడే మందు సీసా తీస్తారు. దయచేసి ముందు అమోనియా కొలవండి, అంటే చేపల విసర్జన, కుళ్లిన మేత నుంచి నీళ్లలో చేరే విషం. పిల్లల్ని చంపేంత అమోనియా ఉన్నా నీళ్ల రంగు మారదు, వాసనా రాదు. అమోనియా కొలిచే కిట్‌లో సున్నా రావాలి. 0.25 పీపీఎం (లీటరుకు 0.25 మిల్లీగ్రాములు) వచ్చినా వదలకండి.

పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) కూడా చూడండి. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే కిట్ చూపే అమోనియాలో విషంగా పనిచేసేది ఒక శాతం కూడా ఉండదు. అదే 8.2 అయితే 11 శాతం దాటుతుంది. పక్కింట్లో 0.5 దగ్గర బతికిన పిల్లలు మీ ఇంట్లో చచ్చేది ఇందుకే. బోరు నీళ్లను తోడిన వెంటనే కొలిస్తే పీహెచ్ తక్కువ చూపించవచ్చు. బకెట్లో పోసి ఒక రోజు ఎయిర్ పంపుతో గాలి పెట్టాక కొలవండి.

అసలు కారణం: గాలి బుడగలతో నీళ్లను స్పాంజ్ గుండా లాగే స్పాంజ్ ఫిల్టర్‌లో అమోనియాను తినే బ్యాక్టీరియా లేదు. "స్పాంజ్ పాతదే కదా" అంటారు. అక్కడే దెబ్బ తింటారు. పోయిన నెల ఇదే తొట్టిలో కొత్త చేపల్ని పెట్టి మిథిలీన్ బ్లూ అనే నీలం మందు వేసి ఉంటారు. అది ఫంగస్‌తో పాటు ఈ బ్యాక్టీరియానూ చంపుతుంది. నీళ్లు మార్చాక నీలం రంగు పోతుంది కానీ బ్యాక్టీరియా వెంటనే తిరిగి రాదు. మళ్లీ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. స్పాంజ్ గోధుమ రంగులోనే ఉంటుంది, బుడగలూ వస్తాయి, చూపుకు ఏ తేడా తెలియదు. క్వారంటైన్‌లో రెండు పెద్ద చేపలు బెదిరి సరిగా తినలేదు కాబట్టి అప్పుడు బయటపడలేదు. ఇప్పుడు నలభై పిల్లలకు రోజుకు నాలుగుసార్లు మేత పడేసరికి బయటపడింది.

నల్లా కింద కడిగినా, ఎండబెట్టి అటక మీద దాచినా స్పాంజ్‌లోని బ్యాక్టీరియా ఇలాగే చస్తుంది. కడగాలంటే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండండి, చాలు.

ఇవాళే చేయాల్సింది: సగం నీళ్లు తీసేయండి. యాంటీక్లోరిన్ (నల్లా నీళ్లలోని క్లోరిన్‌ను పోగొట్టే మందు) వేసి, గాలి పెట్టి, అదే వేడిలో ఉన్న నీళ్లను సన్న ట్యూబుతో నెమ్మదిగా పోయండి. కిట్ సున్నా చూపేదాకా రోజూ ఇంతే. మేత సగానికి తగ్గించండి. పెద్ద తొట్టిలో చేపలు ఆరోగ్యంగా ఉంటే అక్కడ నెలకు పైగా నడుస్తున్న స్పాంజ్ తెచ్చి పెట్టండి. జబ్బు అనుమానం ఉంటే మాత్రం తేవద్దు, రోజూ నీళ్లు మార్చడమే దారి.

అడుగున మిగిలిన మేతను రోజూ సాయంత్రం ట్యూబుతో లాగేయాలి. పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా ఉప్పునీటి జీవి, మంచినీళ్లలో కొన్ని గంటల్లోనే చచ్చి కుళ్లుతుంది. లాగిన నీళ్లను తెల్లటి మగ్గులో పట్టండి. చెత్తతో పాటు ఒకటో రెండో పిల్లలు వస్తాయి, తెలుపు మీద వాటి కళ్లు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి.

మళ్లీ రాకుండా: రెండు స్పాంజ్‌లు ఉంచుకోండి, ఒకటి ఎప్పుడూ పెద్ద తొట్టిలోనే నడవాలి. మందు వేసేటప్పుడు తొట్టిలో స్పాంజ్ వద్దు, ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి) ఒక్కటే పెట్టండి. రోజూ మూడో వంతు నీళ్లు మార్చి, మార్చిన నీళ్లకు సరిపడా మందే మళ్లీ కలపండి. 18 x 12 x 12 అంగుళాల తొట్టిలో అంచు దాకా 42 లీటర్లు పడతాయి. మందు లెక్క తప్పకుండా, మీరు నింపే మట్టం దాకా ఎన్ని లీటర్లో ఒకసారి బకెట్‌తో కొలిచి, గాజు మీద గీత పెట్టుకోండి. జబ్బు చేపల దగ్గర నడిచిన స్పాంజ్‌ను నేరుగా పెద్ద తొట్టిలో పెట్టకండి. బ్లీచ్‌లో నానబెట్టి, కడిగి, పూర్తిగా ఎండబెట్టాకే పెట్టండి. అక్కడ నెల నడిచాకే పిల్లల తొట్టికి పనికొస్తుంది.

హైడ్రా (పిల్లల్ని కుట్టి తినే చిన్న నీటి జీవి), పుట్టుకతో వచ్చే అవిటితనం లాంటి కారణాలూ ఉంటాయి. అమోనియా సున్నా వచ్చాక కూడా పిల్లలు పోతుంటే అప్పుడు వాటి సంగతి చూడొచ్చు.